దొరగారి పాప

నాన్న పోయిన ఏడాదికి ఆయన సూట్‌కేసు తెరిస్తే కలరా ఉండల వాసన గుప్పుమంది. స్టుట్‌గార్ట్‌లో మా ఫ్లాట్ల కింద, అందరూ సామాన్లు పడేసుకునే కెల్లర్‌లో, మాస్కు వేసుకుని ఉన్నా ఆ వాసన ముక్కులోకి వచ్చింది. చిన్నప్పుడు బందరులో మా ముందుగదంతా ఇదే వాసన. కాలేజీలో చరిత్ర చెప్పే నాన్న తన థీసిస్ కాగితాలకు పురుగు పట్టకుండా ట్రంకుపెట్టెలో గుప్పెళ్లకొద్దీ ఆ ఉండలు పోసేవాడు.

థీసిస్ నాలుగు వందల ఏళ్ల కిందటి ఒక ఇంగ్లీషు ప్రభువు గురించి, ఆయన భార్య, ఎనిమిది మంది పిల్లల గురించి. మేం ఆయన్ని దొరగారు అనేవాళ్లం. వానాకాలం సాయంత్రాలు అమ్మ పెసర పునుకులు వేస్తుంటే నాన్న పీట మీద కూర్చుని, ఇంగ్లండు నుంచి వచ్చిన జిరాక్సు ఉత్తరాలు తిరగేస్తూ, దొరగారికి కాలి వాపు మళ్లీ ఎక్కువైందనీ, పెద్దబ్బాయి గుర్రం మీంచి పడ్డాడనీ, దొరసాని అలిగి పుట్టింటికి పోయిందనీ పక్కవీధి చుట్టాల సంగతుల్లా చెప్పేవాడు. క్రిస్మస్‌కి అమ్మ గులాబీపువ్వులు వండుతుంటే, దొరగారింట్లో పండక్కి హంసని కాల్చుకు తిన్నారని చెప్పి చీవాట్లు తిన్నాడు. నేను అమ్మ పాత పట్టుచీర నేల మీద ఈడ్చుకుంటూ దొరసాని ఆట ఆడేదాన్ని.

నాకు ఏడేళ్లప్పుడు వచ్చిన కట్టలో ప్లేగు మొదలైంది. దొరగారు కుటుంబాన్ని పల్లెలో ఉన్న కోటకి తరలించి గేట్లు మూయించాడు. ఒంట్లో నలతగా ఉందని మూడేళ్ల ఆఖరి పాపని మాత్రం లండన్‌లో దాది దగ్గరే వదిలేశాడు. అక్కడితో ఉత్తరాలు అయిపోయాయి. నాకు అన్నం సహించలేదు. నాన్న కాలేజీ నుంచి రావడమే ఆలస్యం, గుమ్మంలోనే అడిగేదాన్ని.

"పాపని తెచ్చేసుకున్నారా నాన్నా?"

"ఆ ఉత్తరం ఇంకా దొరకలేదమ్మా."

ఆదివారం బడిలో ఎవరికోసం ప్రార్థించాలో చెప్పమంటే, దొరగారి పాపకి జ్వరమని లేచి చెప్పాను. సంఘమంతా ప్రార్థన చేసింది. మర్నాడు పాస్టరుగారు రొట్టె, హార్లిక్స్ సీసా పట్టుకుని పేషెంటుని చూడ్డానికి మా ఇంటికే వచ్చేశారు. అమ్మకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. హార్లిక్స్ నేనే తాగాను. కన్నబిడ్డని వదిలేసినవాడు మనిషేనా, పాషాణం అని నేను దొరని తిట్టిపోస్తే నాన్న ఒప్పుకోలేదు.

"తెలియకుండా మాట అనకూడదు తల్లీ."

అమ్మ పోయాక, రిటైరయ్యాక, నాన్న మా దగ్గరికి వచ్చింది సగం ఆ పాప కోసమే. ఇక్కణ్ణించి ఇంగ్లండు వెళ్లి ఆ ఊరి పాత కాగితాలన్నీ వెతుకుతానన్నాడు. టికెట్టు కొన్న వారానికే కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. ఆ కాగితాలు దాచే ఆఫీసువాళ్లకి మెయిల్ రాశాడు, లాక్‌డౌన్ అయ్యి ఆఫీసు తెరిచాక చూస్తామన్నారు. రోజూ పొద్దున్నే మెయిల్ వచ్చిందా అని నన్నడిగేవాడు, ఇంకా లేదు నాన్నా అనేదాన్ని. రెండో చలికాలంలో ఆయనకీ సోకింది. ఆసుపత్రి నుంచి ఫోన్లో ఆఖరిసారి అడిగిందీ అదే. సమాధి దగ్గర పదిమందిమి దూరదూరంగా నిలబడ్డాం. బాధగా ఉందా అని మా అమ్మాయి జర్మన్‌లో అడిగితే, తెలీదమ్మా అన్నాను. నిజంగానే తెలియలేదు.

పోయిన వారం మెయిల్ వచ్చింది. లండన్ ఇల్లు, పొలాలు చూసుకునే గుమాస్తాకి దొరగారు రాసిన ఉత్తరం, ఒకటే పేజీ. గడ్డి కోత త్వరగా ముగించమన్నాడు. పడమటి కప్పు కారుతోందన్నాడు. పాప పోయిందని కబురు వచ్చింది, ఆమె పరుపు తగలబెట్టించు అన్నాడు. ఆ వెంటనే మళ్లీ గడ్డి సంగతి.

రెండుసార్లు చదివాను. నాన్నకి చెప్పాలి. ఆ పాప ఎవరో తెలిసినవాళ్లు ఇప్పుడు నేను తప్ప ఎవరూ లేరు. దొరని తిడదామన్నా నోరు రాలేదు. నాన్న పోయిన రోజు మధ్యాహ్నం, హీటరు మీటరు చూడ్డానికి మనిషి వచ్చే తేదీ మార్చమని ఇంటి ఓనరుకి నేను మెయిల్ రాశాను. పంపిన మెయిళ్లలో ఇంకా ఉంది. మా నాన్నగారు ఈ ఉదయం చనిపోయారు, గురువారమైతే నాకు కుదురుతుంది అని రాశాను.