తాడు వదలని పోలిరాజు

నెత్తళ్ల చేపలు ఒడ్డుకు చేరే రోజుల్లోనే పోర్టు ఖలాసీ పోలిరాజుకు నడుం పట్టేస్తుంది. సిక్ లీవు పెట్టి, లుంగీ ఎగగట్టి, పేటంతా కలిసి ఒడ్డు నుంచి లాగే పెద్దవల తాడు భుజాన వేసుకుంటాడు. “బావ జబ్బు తాడు పడితేనే తగ్గుతాది,” అని తోటివాళ్లు నవ్వుతారు. ఇంటికొక మగవాడు లాగకపోతే ఆ ఇంటికి చేపల్లో వాటా లేదు. అన్న పోయాక వదిన కాసులమ్మ ఇంటికి ఆ మగవాడు ఇతనే.

ఈసారి సెలవు వాకబుకు వచ్చిన పోర్టు ఆఫీసరు మెమో కాగితంతో నేరుగా జాలారిపేట ఒడ్డుకే దిగాడు.

“నడుం నొప్పి ఏమైందయ్యా?”

ఉద్యోగం గుర్తొచ్చినా పోలిరాజు పిడికిలి సడలలేదు. “వల ఒడ్డెక్కనివ్వండి సార్. సెప్తాను.”

వల బరువుగా, తళతళలాడుతూ ఒడ్డెక్కింది. కాసులమ్మ తట్ట అంచుదాకా నిండాక అతను నడుం నిటారుగా పెట్టి నడిచొచ్చాడు.

“ఇప్పుడివ్వండి సార్ మెమో. సేతులు ఖాళీ అయ్యాయి.”