పిన్ను కొట్టే ముందు

మా అన్న పోయి ఏడు నెలలైంది. ఆయన కోసం కొన్న కరెంటు స్టేప్లర్ ఇంకా పనిచేస్తోంది. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా పిన్ను ఇరుక్కోలేదు.

మార్కాపురంలో రెవెన్యూ ఆఫీసు వీధిలో మాకో జిరాక్సు దుకాణం ఉంది. మిషన్ దగ్గర నేను నిలబడేవాణ్ణి. పక్కన బల్ల దగ్గర అన్న కూర్చునేవాడు. కాపీలు వరుసగా పేర్చి పిన్ను కొట్టడం ఆయన పని. కొట్టే ముందు సెట్టు మొత్తం చదివేవాడు. పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, సంతకం. ఎంతమంది నిలబడి ఉన్నా చదవకుండా కొట్టేవాడు కాదు. దానికో కారణం ఉంది. పిన్ను పీకి మళ్లీ కొడితే కాగితం మూలన రెండు జతల చిల్లులు పడతాయి. అవి కనిపిస్తే, మధ్యలో పేజీ మార్చారేమోనని ఆఫీసుల్లో అనుమానిస్తారు. గిద్దలూరు నుంచో కొమరోలు నుంచో బస్సెక్కి వచ్చినవాళ్లకు ఆ రోజు వృథా అయినట్టే.

అంతకుముందు చాలా ఏళ్లు ఆయన రాతి పలకలు కోసే పని చేశాడు. అరవై దాటేసరికి వేళ్లు వంకర తిరిగాయి. స్టేప్లర్ మీద అరచేయి పెట్టి, ఒళ్లంతా ముందుకు వంచి నొక్కేవాడు. నొక్కిన ప్రతిసారీ పెదవి కొరుక్కునేవాడు. అది చూడలేక కరెంటు స్టేప్లర్ కొందామనుకున్నాను.

ఏది మంచిదో తేల్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఒంగోలులో స్టేషనరీ దుకాణాలు తిరిగాను. ఫోనులో కొన్నవాళ్ల అభిప్రాయాలు చదివాను. డబ్బా మీద రాసినన్ని కాగితాలను ఏ మిషనూ కుట్టదని, అందులో సగమే నమ్మాలని ఒకాయన చెప్పాడు. సెల్లులతో నడిచేవి ఇంటికి చాలు, రోజంతా పని ఉంటే అడాప్టరు ఉన్నదే తీసుకోమన్నాడు. మామూలు పిన్నులు పట్టేదే కొనమని, ప్రత్యేకం పిన్నులైతే మార్కాపురంలో దొరకవని మరొకాయన హెచ్చరించాడు. పిన్ను ఇరుక్కుంటే మూత తీసి మనమే సరిచేసుకునేలా ఉండాలని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. అన్నీ విచారించాను. అన్నను తప్ప అందరినీ అడిగాను.

మిషన్ వచ్చిన రోజు ఆయన ఒక కాగితం మూలను దాని నోట్లో పెట్టి చూశాడు. టక్కున పిన్ను పడింది. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఏందిరా ఇది, కుక్కపిల్ల మాదిరి కొరుకుతాంది!”

దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. తర్వాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “బాగుంది గానీ, దీనికి చదువు వచ్చునా?” అన్నాడు.

“చదివి ఏం చేస్తాదిలే అన్నా. నీ చేతులకు రెస్టు.”

స్టేప్లర్‌ను నా పక్కన, ప్లగ్గుకు దగ్గరగా పెట్టుకున్నాను. కాపీలు బయటికి రాగానే నేనే అందులో పెట్టేవాణ్ణి. తొందరున్నవాళ్లు వాళ్లే పెట్టుకునేవారు. అన్న బల్ల మీదికి కాగితాలు పోవడం ఆగిపోయింది. రెండో రోజు మధ్యాహ్నం, “నేనేం చేయాల్రా?” అని అడిగాడు.

“ఊరికే కూచో అన్నా.”

మూడు రోజులు ఊరికే కూర్చున్నాడు. నాలుగో రోజు మోకాలు నొప్పన్నాడు. ఆ తర్వాత దుకాణానికి రాలేదు.

పది రోజులకు కొమరోలు నుంచి ఒకామె వచ్చింది. చనిపోయిన భర్త పొలాన్ని తన పేరుకు మార్పించుకోవడానికి అంతకుముందు వారం మా దగ్గరే సెట్టు చేయించుకుంది. అందులో వేరెవరిదో ఆధార్ కాపీ కలిసిపోయిందని ఆఫీసులో తిప్పి పంపారు. పిన్ను పీకాను. సరైన కాపీ పెట్టి మొత్తం సెట్టు కొత్తగా తీసిచ్చాను. ఆమె ఖాళీ బల్ల వైపు చూసింది.

“ముందొచ్చినప్పుడల్లా ఈడ పెద్దాయన కూచుంటాండె. యాడ?”

“ఇంట్లో ఉన్నాడమ్మా. చేతులు నొప్పి.”

“చేతులు నొప్పయితే కండ్లకేమైంది నాయనా? కొట్టేదానికి నీ మిషనుండాది గదా, చూసేదానికి ఆయన్ను కూచోమను. కొమరోలామె అడిగిందని చెప్పు.”

ఆ మాట నాకు అప్పుడే అర్థమైంది. బల్ల మీద స్టేప్లర్ పెట్టి, ఆయన్ను దాని ముందు కూర్చోబెడితే సరిపోయేది. వైరు పొడవు చాలకపోతే ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి కొంటే అయిపోయేది. రెండు నెలల విచారణలో ఆ ఆలోచన ఒక్కసారి కూడా నాకు రాలేదు.

దుకాణం మానేసినప్పటి నుంచి అన్న రోజూ సాయంత్రం నన్ను ఒకటే అడిగేవాడు. ఆ రోజూ అడిగాడు.

“ఈ పొద్దు ఏమన్నా తిరిగొచ్చినాయా?”

“లేదన్నా. మిషన్ బాగా చేస్తాంది.”

“అట్లనా. మంచిదేలే.”

ఎందుకు అబద్ధం చెప్పానో నాకు తెలుసు. ఎంతో వెతికి, అందరినీ అడిగి కొన్న వస్తువు. తిరిగొచ్చిందని చెబితే నాది తప్పని ఒప్పుకోవాలి. ఒక వారం పోనిచ్చి, వేరే ఏదో కారణం చెప్పి పిలుద్దామనుకున్నాను. వారం మూడు వారాలైంది. ఆయన అడుగుతూనే ఉన్నాడు. ఈ మధ్యలో ఇంకో రెండు సెట్లు తిరిగొచ్చాయి. అవీ చెప్పలేదు. ఒక తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చి, ఆసుపత్రికి తీసుకుపోయేలోపే పోయాడు.

ఏదైనా తిరిగొస్తే పిలుస్తానని ఆయన ఎదురుచూసి ఉంటాడు. లేకపోతే ఆ ప్రశ్న రోజూ ఎందుకు అడుగుతాడు?

ఇప్పుడు ప్రతి సెట్టూ చదివాకే మిషన్‌లో పెడుతున్నాను. పని నెమ్మదించింది. ఏమీ తిరిగిరావడం లేదు.

పోయిన నెల కొమరోలామె మళ్లీ వచ్చింది. పొలం తన పేరుకు మారిందట, పాసు పుస్తకం జిరాక్సు కావాలంది. అన్న సంగతి చెప్పాను.

“అయ్యో. మంచాయన. నేనడిగినానని ఆ పొద్దు చెప్పినావా నాయనా?”

“చెప్పినానమ్మా,” అన్నాను.