వడియాలకు మా ఆవిడను పంపిన మధ్యాహ్నం

టాంపాలో పిడుగు నాకు రెండడుగుల దూరంలో పడింది. అక్కడి తెలుగువాళ్ల విందుల్లో ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో. మొదటిసారి అది ఇరవై అడుగులు. చెప్పిన కొద్దీ దగ్గరికి జరిగింది. ఇప్పుడు రాస్తున్నాను కనుక నిజం రాయాలి. పిడుగు పడింది పక్క వీధిలోని పామ్ చెట్టు మీద. నేను గుమ్మం లోపల ఉన్నాను. పెరట్లో ఉన్నది మా ఆవిడ. పంపింది నేను.

అప్పట్లో మేము టాంపాలో మా అమ్మాయి ఇంట్లో ఉండేవాళ్లం. వేసవిలో అక్కడ పొద్దున్నుంచే ఎండ మాడ్చేసేది. మధ్యాహ్నం రెండు మూడింటికల్లా మబ్బు లేచి, రోజూ ఉరుములే. ఆ ఎండ చూసి మా ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. సగ్గుబియ్యం జావ కాచి, జీలకర్ర, పచ్చిమిరపకాయల ముద్ద కలిపి, నా పాత పంచె గడ్డి మీద పరిచి వడియాలు పెట్టింది. గాలిలో తేమకి ఒక్కరోజులో ఎండవు. రెండో రోజు మధ్యాహ్నానికి పైన గట్టిపడ్డాయి గానీ అడుగున ఇంకా జిగురు. అప్పుడు ఉరిమింది.

పదేళ్ల మనవరాలు పుస్తకం పక్కన పెట్టి తలుపు దగ్గరికి వచ్చింది.

"అమ్మమ్మా, బయటికి నో. థండర్ వింటే లోపల ఉండాలి. లాస్ట్ థండర్ తర్వాత థర్టీ మినిట్స్ వెయిట్ చేయాలి. స్కూల్‌లో చెప్పారు."

"అరగంటలో అవి మళ్లీ జావైపోతాయే," అంటూ మా ఆవిడ నా వంక చూసింది. నేను వద్దంటే ఆగిపోయేది.

"దూరపు ఉరుములే. చినుకు కూడా పడలేదు. నువ్వెళ్లి పంచె చుట్టుకురా, నేనిక్కడ అర్జునుడి పేర్లు చదువుతుంటాను," అన్నాను.

ఆ పది పేర్లు తలుచుకుంటే పిడుగు దగ్గరికి రాదని చిన్నప్పుడు మా ఇంట్లో నేర్పారు. డెబ్బై దాటినా నా మీద పిడుగు పడలేదు కనుక వాటికి ఢోకా లేదనుకున్నాను. మా ఆవిడ పెరట్లోకి దిగగానే మొదలుపెట్టి, అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి దాకా వచ్చాను. కళ్ల ముందంతా తెల్లబడింది. ఆ చప్పుడికి అద్దాల తలుపు గజగజలాడింది. చూసేసరికి మా ఆవిడ పంచె పక్కన కూలబడి ఉంది.

విందుల్లో చెప్పేటప్పుడు ఈ ఘట్టంలో నేను పరుగెత్తి ఆమెను రెండు చేతులా ఎత్తుకొస్తాను. నిజానికి నా కాళ్లు కదల్లేదు. ఐదో పేరు దగ్గరే ఆగిపోయాను. "అమ్మమ్మా, లే, రన్" అంటూ మనవరాలు బయటికి దూకబోతే దాని చొక్కా పట్టుకుని ఆపాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే. మా ఆవిడ తనే లేచింది. పంచె వదిలేసి, చెప్పులు వదిలేసి లోపలికి వచ్చిపడింది. బెదిరి కూలబడిందే తప్ప ఏమీ కాలేదు. ఆమె చేతులు పట్టుకున్నాను.

"నిన్ను పంపకుండా ఉండాల్సింది," అన్నాను.

"పంపితే వెళ్లడానికి నాకు బుద్ధి ఉండొద్దూ." కాళ్లకంటిన గడ్డి దులుపుకుంటూ, "ఎన్ని పేర్లయ్యాయండీ?" అంది.

"నాలుగు."

"మిగతా ఆరూ నా మీద వదిలేశారన్నమాట."

మనవరాలు మాత్రం నవ్వకుండా గడియారం చూస్తూ, "ఇంకా ట్వంటీ ఎయిట్ మినిట్స్," అంది. కొత్త ఉరుము వినపడినప్పుడల్లా లెక్క మొదటికొచ్చింది. ముగ్గురం సోఫాలో ఒకరినొకరు ఆనుకుని, వడియాలు వానలో కరిగిపోవడం చూస్తూ కూర్చున్నాం.

శనివారం మా ఆవిడ మళ్లీ జావ కాచింది. మళ్లీ పెరట్లోకేనా అనుకున్నాను. ఆమె వడియాల పళ్లేలతో పెరట్లోకి పోలేదు. ఇంటి ముందు ఎండలో ఉన్న మా అల్లుడి కారు దగ్గరికి నడిచింది. మూసిన కారు లోపల మండిపోతుందని, అందులో పిల్లల్ని ఉంచకూడదని కూడా స్కూల్లో చెప్పారట. అంత వేడి వడియాలకు మంచిదే కదా అని మనవరాలి సలహా. అద్దాలు వేలెడంత దించి, పళ్లేలు సీట్ల మీద పరిచారు. మూడింటికి అల్లుడు అద్దాలు ఎత్తేశాడు. ఉరిమింది. ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు.

సోమవారం అల్లుడు ఆఫీస్ నుంచి ఫోన్ చేశాడు. "అత్తయ్యా, నా కారెక్కిన ఫ్రెండ్ జీలకర్ర వాసన చూసి, లంచ్ ఏం తెచ్చావని అడుగుతున్నాడు."

"వచ్చే శనివారం కూడా కారు ఎక్కడికీ తీసుకెళ్లకు బాబూ," అంది మా ఆవిడ.