నల్లపెట్ట వీపున తెల్ల ఈకలు

మొన్న అనంతపురంలో గడియారస్తంభం దగ్గర ఒకతను సైకిలుకు రెండు బుట్టలు కట్టుకుని రంగు కోడిపిల్లలు అమ్ముతున్నాడు. గులాబీ, ఆకుపచ్చ, నారింజ, నీలం. తడి తవుడూ రెట్టా రంగుపొడీ కలిసిన ఘాటు వాసన బుట్టల్లోంచి గుప్పుమంటోంది. మా మనవరాలు ఒకటి కావాలని కొంగు పట్టుకుంటే, నేనొక ఆకుపచ్చ పిల్లను చేతిలోకి తీసుకుని, మెడ వెనక నూగును బొటనవేలితో విడదీసి మొదళ్ళు చూశాను. "ఏమవ్వా, కొంటావా, కేసు రాస్తావా? అట్ల చూస్తాండావే" అన్నాడతను. మనవరాలికి సిగ్గేసింది గానీ నాకు వేయలేదు. పైకి కనిపించే రంగును చూసి నమ్మకపోవడం మా ఇంటి విద్య. దాన్ని నాకు నేర్పింది మా అవ్వ నాగమ్మ, మా నాయన తల్లి.

మాది ఉరవకొండకు పడమటి పక్క, ఎర్రనేలా నల్లనేలా కలిసే చోట ఒక చిన్న పల్లె. కొర్రలు, సద్దలు, చెనిక్కాయలు వేసుకుని వాన కోసం మొగులు చూస్తూ బతికే ఊరు. వాన పడితే పండినట్టు, లేకుంటే ఎండినట్టు. అలాంటి చోట ఎవరి వస్తువు వాళ్ళది అని తేల్చడానికి ప్రతిదానికీ ఒక గుర్తు ఉండేది. బావి దగ్గర వరసగా పెట్టిన కడవల మెడల మీద సున్నపు బొట్లు, ఒకరివి నిలువు గీతలు, ఒకరివి అడ్డగీతలు. ఇత్తడి చెంబుల అంచున తాతల పేర్లు, చాకలి నల్లజీడి గింజతో బట్టల మూలన వేసే చుక్కలు, గొర్రెల వీపుల మీద ఎర్రమట్టి జాజుపట్టీలు, చెవులకు కత్తిగాట్లు. కోళ్ళకైతే ఒకరు రెక్కకు పసుపు పూసేవాళ్ళు, ఒకరు కాలికి ఎర్రదారం కట్టేవాళ్ళు, ఒకరు కాలిగోరు కొస కత్తిరించేవాళ్ళు.

మా అవ్వకు వీటిలో ఒక్కటీ నచ్చేది కాదు. "పూసిన రంగు పూసినోళ్ళే కడుగుతారు. కట్టిన దారం ఇంకొకరు కట్టలేరా?" అనేది. పుట్టుకతో వచ్చిన రంగే రంగు, మచ్చే మచ్చ అని ఆమె నమ్మకం. మాపటేళ గూటి ముందు చతికిలబడి ఒక్కొక్క కోడిని చూసి లోపలికి తోలేది. వాటిని లెక్కపెట్టేది కాదు, మొహాలు చూసేది. కడుపునొప్పి అని పడుకున్న మా అత్తకొడుకునైనా, పొద్దున్నే కుంటుకుంటూ వచ్చిన ఎద్దునైనా, ముందు అనుమానించి తర్వాతే జాలిపడేది.

పిట్టల్ని కూడా ఆమె దొంగల్ని గుర్తుపట్టినట్టే గుర్తుపట్టేది, మాకు అట్లాగే నేర్పింది. కంచె మీద మట్టిరంగులో ముడుచుకు కూర్చున్న పాలపిట్టను చూపించి, "కూర్చున్న పిట్టను నమ్మద్దు పాపా, ఎగిరినాక చెప్పు" అనేది. అది లేచి రెక్కలు విప్పితే అంత నీలం ఇన్నాళ్ళూ ఎక్కడ దాచిందో అనిపించేది. పికిలిపిట్టకు తోక కింద ఎరుపు, జెముడుకాకికి రెక్కల మీద తుప్పురంగు. మొగుల్లో తిరిగేదాని తోక చీలి ఉంటే గద్ద, అది పిల్లల్నే ఎత్తుకుపోతుంది, తోక చీలకుండా ఉంటే డేగ, దానికి ఎదిగే కోడి కూడా లెక్కలేదు. కాకి గూట్లో కోయిల గుడ్డు సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతులో కోయిల మీద కోపం కంటే కాకి మీద చులకన ఎక్కువ వినిపించేది. మచ్చలు సరిగ్గా చూసుకోనిదానికి ఆ శాస్తి కావలసిందే అన్నట్టు మాట్లాడేది.

మా పెరటి కంచెకు ఆ పక్క ఓబులమ్మ ఇల్లు. గొర్రెలు మేపే ఇల్లు. ఆమె దగ్గరికి పోతే ఉన్ని, మేకల పాలు, జాజు కలిసిన వాసన వచ్చేది. మొగుడు మంద వెంట దూరం పోతే నెలల తరబడి ఒంటరిగా ఉండేది. మా అమ్మకంటే కొంచెం పెద్దది, మా అవ్వను పెద్దమ్మా అని పిలిచేది. మేం పిల్లలం ఎండాకాలం మధ్యాహ్నాలు ఆమె చావడి నీడలో గద్దా కోడీ ఆట ఆడి, ఒకరి గౌను ఒకరం చించుకుని, ఆమె పెట్టే ఉప్పుచెనిక్కాయలు తిని ఇంటికి వచ్చేవాళ్ళం. చేతులు కడుక్కోమనే ముందు మా అవ్వ మా నోళ్ళు వాసన చూసేది.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళప్పుడు వరసగా వానలు పోయాయి. గాదెలో కొర్రలు అడుగంటాయి, ఉగాదికి ఓళిగలు మాని రాగిసంగటిలో బెల్లం కలుపుకుని పండగ అనుకున్నాం. ఆ కరువులోనే మా తమ్ముడు పుట్టాడు. తిండి చాలక అమ్మకు పాలు పడలేదు. మా బర్రె అప్పటికే వట్టిపోయింది. ఓబులమ్మ ఎవరూ అడగకముందే, ఈనిన మేకను పితికి పొద్దున్నే ఒక గిన్నెడు పాలు తెచ్చి మా అరుగు మీద పెట్టడం మొదలుపెట్టింది. తమ్ముడు ఆ పాలతోనే కళ్ళు తెరిచాడు. వాడు నిలదొక్కుకుంటే ఒక్క ఈక కూడా వేరు రంగు లేని నల్లకోడిని ఇస్తానని అవ్వ మారెమ్మకు మొక్కుకుంది. అందుకని మా గూట్లో ఉన్న ఒక నల్లపిల్లను ఏరి, వెలుతురులో తిప్పి తిప్పి చూసి, మొక్కుకోడి అని పేరు పెట్టింది.

ఆ పిల్ల ఎదుగుతుండగా ఒకరోజు మాయమైంది. అవ్వ దిబ్బలన్నీ వెతికి, ఊళ్ళో ప్రతి పొయ్యి ముందూ వాసన పీల్చి, ఎవరింటి వెనక నల్ల ఈకలు కనిపించినా కూర్చుని చూసి వచ్చింది. రెండు నెలలు పోయాక ఓబులమ్మ చంకలో ఒక నల్లపెట్టను పెట్టుకుని వచ్చింది. బాగా ఎదిగిన పెట్ట, నిగనిగలాడుతోంది. వీపు నడుమ మాత్రం తెల్ల ఈకలు, అరచేతి వెడల్పున.

"పెద్దమ్మా, నీ మొక్కుకోడి. డేగ తన్నినాది, మా దొడ్లో పడిపాయ. వీపంతా చీలిపోయిండె. పసుపు పెట్టి గంప కింద మూసిపెట్టినా" అంది.

అవ్వ కోడిని అందుకోలేదు. "నాది నల్లది. దీనికి తెల్లమచ్చ ఉండాదే?"

"పుండు మానినాక అట్ల మొలిచినాయి."

"మరి ఇన్నాళ్ళు నోరు తెరవలేదేమి?"

"చెప్తే తీస్కపోతావు. నెత్తురు చూస్తే నీ కోళ్ళే పొడిచి సంపుతాయి. అందుకే బాగుపడినాక చెప్దామనుకుంటి."

అవ్వ కళ్ళు మెల్లగా కంచె దాటి ఓబులమ్మ దొడ్లోకి పోయాయి. అక్కడ ఒక నల్లపెట్ట దిబ్బ గీరుకుంటోంది. తల నుంచి తోక దాకా నలుపే. అవ్వ బుర్రలో ఆ క్షణాన ఏం తిరిగిందో చిన్నదాన్నైనా నాకూ తెలిసిపోయింది. "మంచిదాన్ని నువ్వు పెట్టుకోని మచ్చదాన్ని నాకంటగడతాండావా?" అంది అవ్వ.

ఇలాంటి తగువులకు మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. పొద్దు వాలేటప్పుడు తగువుకోడిని రెండిళ్ళకూ నడుమ గంప కింద మూసి, నలుగురూ దూరంగా కూర్చుని, ఊరిపెద్ద గంప ఎత్తితే అది ఎవరి గూటికి పోతే వాళ్ళది. మా ఊరిపెద్ద రామప్ప తలగుడ్డ సర్దుకుని, "మనిషి అబద్ధం చెప్తాడు గానీ కోడి చెప్పదప్పా" అని గంప ఎత్తాడు. పెట్ట కాసేపు బిత్తర చూపులు చూసింది. మెడ సాచింది. తర్వాత తిన్నగా ఓబులమ్మ దొడ్లోకి నడిచి ఆమె గంప పక్కన ముడుచుకుంది.

నలుగురూ ఒక్కసారిగా ఓబులమ్మను చూశారు. ఆ కోడి ఆమెదే అయితే, మచ్చ ఉన్న తన కోడిని మా మొక్కుకోడి అని అంటగట్టబోయిందన్నమాట. మంచిదాన్ని దాచుకుందన్నమాట. "రెండు నెల్లు నా గంప కిందనే ఉండె గదన్నా, ఇంక యాడికి పోతాది?" అని ఓబులమ్మ రామప్పను అడిగింది. "రెండు నెల్లకే పుట్టినిల్లు మరుస్తాదామ్మే?" అన్నాడాయన. అందరూ నవ్వారు. అవ్వ ఓబులమ్మ దొడ్లో దిబ్బ గీరుకునే ఆ నున్నని నల్లపెట్టను పట్టుకొచ్చి మా గూట్లో వేసింది.

మర్నాడు పొద్దున పాలగిన్నె ఎప్పటిలాగే అరుగు మీద ఉంది. అవ్వ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, గోడ వారకు పారబోసింది. "అంత మాట పడినాక రోషమున్నోళ్ళు పాలు పంపుతారా? పంపినారంటే దాంట్లో ఏదో పెట్టినారు" అంది. మందు పెట్టి మనుషుల్ని ఎండగట్టే కథలు ఆ రోజుల్లో ఇంటికొకటి చెప్పుకునేవాళ్ళు. మా నాయన తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ తర్వాతి రోజూ గిన్నె వచ్చింది, ఆ పాలూ గోడకే పోయాయి. అమ్మ రాగిగంజిని బట్టలో వడకట్టి వేలితో తమ్ముడి నోట్లో పెట్టేది. వాడు కక్కేవాడు. వాడి బుగ్గలు లోపలికి పోయాయి, ఏడ్చే ఓపిక పోయి సన్నగా మూలగడం మొదలుపెట్టాడు. గోడవార తడి మీద చీమలు పట్టేవి. వాడు చచ్చిపోతాడని నాకు తెలుసు, ఇంట్లో అందరికీ తెలుసు, అయినా ఆ గిన్నె మీద చెయ్యి వేసేవాళ్ళు లేరు.

ఒక మధ్యాహ్నం నాయన ఎద్దు మెడకు ఆముదం రాస్తున్నాడు. మాది ఎర్ర ఎద్దు. కిందటేడు కాడి రాసుకుని పుండైన చోట, పుండు మానాక తెల్లవెంట్రుకలు మొలిచాయి. మెట్టసేద్యం చేసే ఊళ్ళో అలాంటి ఎద్దులు వీధికి రెండుంటాయి, చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. అమ్మ తమ్ముణ్ణి భుజాన వేసుకుని నిలబడి చాలాసేపు ఆ మెడనే చూసింది. తర్వాత, అత్త ముందు గొంతెత్తి ఎరగని మనిషి, లోపలికి వినపడేట్టు అడిగింది.

"అత్తా, మన ఎద్దుకు ఈ తెల్లమచ్చ పుట్టుకతో వచ్చిందా?"

అవ్వ గడప దగ్గరకు వచ్చింది. ఎద్దును చూసింది. అమ్మను చూసింది. కొంగు దోపుకుని కంచె సందులోంచి ఓబులమ్మ దొడ్లోకి దూరింది, వెనకే అమ్మ, అమ్మ వెనక నేను. మచ్చపెట్టను పట్టుకుని వెలుతురులో వీపు ఈకలు విడదీసింది. తెల్ల ఈకల కింద చర్మం మీద మూడు మెరిసే గీతలు, గోళ్ళు దిగిన దారులు. అవ్వ వేలు వాటి మీద ఒకసారి అటూ ఒకసారి ఇటూ నడిచింది.

ఓబులమ్మ గుడిసెలోంచి వచ్చి అంతా చూసింది. మేకను లాక్కొచ్చి మా ముందే పితికి, నురగతో ఉన్న గిన్నెను అవ్వ ముందుకు చాచింది. "పెద్దమ్మా, నన్ను ముందర ఒక గుక్క తాగి చూపించమంటావా?" అంది. ఆ మాటలో వెటకారం లేదు, ఏడుపుంది.

"వద్దులే. పిల్లోనికి తక్కువపడ్తాది" అంది అవ్వ. తనే తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని దూదివత్తి పాలలో ముంచి నోట్లో పెట్టింది. వాడు దాన్ని వదలలేదు. అమ్మ మేకను పట్టుకుని గట్టిగా ఏడ్చింది.

తమ్ముడు బతికాడు. నున్నని నల్లపెట్టను అవ్వ కంచె మీదుగా తిరిగి ఇచ్చేసింది. వీపున మచ్చ ఉన్నదాన్ని మారెమ్మకు ఇవ్వడానికి లేదు గనక అది ముసలిదై చచ్చేదాకా రెండు దొడ్లలోనూ తిరిగింది. ఆ తర్వాత ప్రతి ఉగాదికీ మొదటి వాయి ఓళిగలు ఓబులమ్మ ఇంటికే పోయేవి, కానీ పెరటి దోవన, వీధి దోవన కాదు. "నలుగురిలో అన్న మాట నలుగురిలోనే చెప్పు అత్తా" అని అమ్మ ఎన్నిసార్లో అడిగింది. "రామప్ప ఎత్తిన గంపను నేను దించేదేంది? జనం వాళ్ళే మర్చిపోతారు" అనేది అవ్వ. అనుమానం వస్తే ఊరంతా వినపడేలా అరిచే మనిషి, అది తీరాక మాత్రం నోరు విప్పలేదు. మా అవ్వ చేతి ముద్దలు తిని పెరిగినదాన్నే అయినా, ఈ ఒక్క సంగతికి ఆమె మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇప్పుడా పల్లెలో కాడికట్టే ఎద్దు ఒక్కటీ లేదు. బావి పూడిపోయింది, సున్నపు బొట్ల కడవలు పోయి అందరికీ ఒకే రంగు ప్లాస్టిక్ బిందెలు వచ్చాయి. గొర్రెల వీపులకు జాజు పూసేవాళ్ళు లేరు, మొగుల్లో తోక చూసి డేగో గద్దో చెప్పే పిల్లలూ లేరు. కోళ్ళన్నీ షెడ్లలో, అన్నీ తెలుపే.

కిందటి నెల ఉరవకొండ బస్టాండులో మా ఊరాయన కలిశాడు, నాకంటే చాలా చిన్నవాడు. చావులూ పెళ్ళిళ్ళూ చెప్పుకున్నాక, ఓబులమ్మ వాళ్ళవాళ్ళు ఇప్పుడెక్కడ ఉన్నారని అడిగాను.

"యా ఓబులమ్మ? కోడిని మార్చినామెనా?" అన్నాడు.

ఆమె పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆ మాట అన్నప్పుడు ఇతను ఇంకా పుట్టనే లేదు. నేను బస్సు సంగతి మరిచి ఆ బెంచీ మీదే కూర్చుని, డేగ దగ్గర్నుంచి ఎద్దు మెడ దాకా మొత్తం చెప్పాను. ఆమె ఇచ్చిన పాలతోనే మా తమ్ముడు బతికాడని, వాడు ఇప్పుడు గుంతకల్లులో మనవళ్ళతో ఉన్నాడని కూడా చెప్పాను. అతను తల ఊపుతూ అంతా విన్నాడు. బస్సు వస్తే సంచి భుజాన వేసుకుని లేచాడు.

"ఆమె పాలతో బతికిన ఇల్లు మీది. మీరు అట్ల గాక ఇంకెట్ల చెప్తారులే అక్కా" అన్నాడు.