గోడవైపు తిరిగిన టీవీలు

టీవీ మెకానిక్ కూతురు టీవీ చూడదని తెలిసి వీధి వీధంతా పడీపడీ నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాడతను. వాళ్ళ నోళ్ళు మూయించడం అతని పని కాదు. కూతురి నోరు తెరిపించాలి, అంతే.

బాగుచేసిన టీవీ మళ్ళీ మొరాయిస్తుందేమోనని రోజంతా ఆన్ చేసే ఉంచడం అతని అలవాటు. ఇంటి ముందుగదే కొట్టు. భార్య బట్టల షాపులో పనికి వెళ్ళగానే పసిదాన్ని ఆ టీవీల ముందు కూర్చోబెట్టేవాడు. పిల్ల కిక్కురుమనేది కాదు. ఒక దెబ్బకు రెండు పిట్టలని మురిసిపోయాడు వెర్రినాయన.

రెండేళ్ళు దాటినా పిల్లకు ఒక్క మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూసేది కాదు. డాక్టరమ్మ పరీక్షించి, చెవులు బాగానే ఉన్నాయంది. "ఎదురు మాట్లాడే మనిషి కావాలి దీనికి. ముందు ఆ టీవీలు ఆపండి."

ఇంటికొచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకుని కాకి కథ మొదలుపెట్టాడు. పిల్ల రిమోట్ తీసి అతని మొహానికి గురిపెట్టి నొక్కింది. అతను ఆగలేదని ఏడ్చింది.

టీవీలన్నీ గోడవైపు తిప్పేశాడు. సౌండ్ తీసేశాడు. బొమ్మ వస్తోందో లేదో గడ్డం గీసుకునే అద్దం టీవీకీ గోడకీ మధ్య పెట్టి చూసుకునేవాడు. పిల్ల ఇల్లు పీకి పందిరేసింది.

"కాసేపు పెట్టు బాబూ, ఆ ఏడుపు వినలేకపోతున్నా," అంది చూడ్డానికొచ్చిన అత్తగారు.

"ఏడవనీండి అత్తయ్యా. ఏడుస్తూనైనా నా మొహం చూస్తోందిగా!"

పనిచేస్తున్నంతసేపూ పిల్లతో వాగుతూనే ఉండేవాడు. "నాతో ఏనాడైనా ఇన్ని మాటలు మాట్లాడావా?" అని భార్య మూతి తిప్పింది.

ఒకరోజు రిటైరైన బస్సు కండక్టరు తన టీవీ కోసం వచ్చాడు. "పనిచేస్తోందని ఎలా నమ్మేది? ఇటు తిప్పు."

"అద్దంలో చూడండి బాబాయ్. ఇక్కడ మాత్రం తిప్పను."

"చోద్యం కాకపోతే! నా టీవీ నేను చూసుకోకూడదా? ఇంకోసారి నీ గుమ్మం తొక్కితే ఒట్టు!"

"మీ ఇష్టం. నేను తిప్పను."

కండక్టరు తనే తిప్పబోయాడు. దారికి అడ్డంగా ఉన్న రేకు డబ్బాలను కాలితో పక్కకు నెట్టాడు. అవి పిల్ల ఆడుకుంటున్న డబ్బాలు. పిల్ల చివ్వున తలెత్తి, సూటిగా ఆయన కళ్ళలోకి చూసింది.

"వద్దు!" అని అరిచింది.

అదే దాని మొదటి మాట. మెకానిక్ కళ్ళు నిండిపోయాయి. గొంతు మాత్రం తగ్గలేదు.

"విన్నారుగా బాబాయ్. వద్దంటోంది నా కూతురు!"