కస్తూరి సీటు కోసం తిరిగిన మూడు రోజులు

బుధవారం పొద్దున్న ఏడుంబావుకి భిలాయి పవర్ హౌస్ స్టేషన్లో రాయపూర్ బండి ఎక్కాం, నేనూ మా పెద్దపిల్ల కస్తూరీ. చేతిలో ఒక ట్రంకు పెట్టె, రెండు పూటలకి పులిహోర, పిల్ల కాగితాలున్న గుడ్డసంచి. స్టీలు ప్లాంటు కోక్ ఓవెన్‌లో పనిచేసే మా ఆయనకు సెలవు దొరకలేదు. అందుకని మూడో తరగతితో బడి మానేసిన నేను, పిల్లను కాలేజీలో చేర్చడానికి బయల్దేరాను.

మా ఆయన ఒకసారి ప్లాంటులో ఇనుము పరీక్ష చేసే లాబొరేటరీలో తెల్లకోటు వేసుకున్న ఒక ఆడమనిషిని చూసి, ఇంటికొచ్చి చెప్పారు. అప్పటికి కస్తూరి ఎనిమిదో తరగతి. అప్పట్నుంచీ దానికి అదే ధ్యాస. ఆ ఉద్యోగానికి కెమిస్ట్రీ చదవాలి. మన దగ్గర ఆడపిల్లలకు హాస్టలున్న చోట సీటు దొరకలేదు. ఆంధ్రలో రెండు దారులు కనిపించాయి. ఒకటి సర్కారు పెద్ద యూనివర్సిటీ. రెండోది మా మరిది సత్యం ఉత్తరం రాసి మెచ్చుకున్న చిన్న ప్రైవేటు కాలేజీ. ఈ రెండింటి పేర్లూ ఇక్కడ రాయను. సెక్టర్ 6లో మా ఇంటికొచ్చి అడిగితే నోటితో చెబుతాను.

రాయపూర్లో మధ్యాహ్నం వాల్తేరు పాసింజరు. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. మహాసముంద్‌లో ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ నేరేడుపళ్ళ బుట్టతో ఎక్కింది. "కహాఁ జాథస్ దీదీ?" అని, ఎక్కడికెళ్తున్నారని అడిగింది. పిల్ల చదువుకని చెప్పాను. "నోనీ అంత దూరం పోయి చదువుతుందా" అని వాళ్ళ భాషలో ఆశ్చర్యపోయి (ఆడపిల్లని నోనీ అంటారు), కస్తూరి ఒళ్ళో రెండు గుప్పిళ్ళ పళ్ళు పోసింది. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. ఈ ప్రయాణం మొత్తంమీద ఏమీ ఆశించకుండా మాకు పెట్టిన మనిషి ఆవిడొక్కతే.

గురువారం తెల్లారి ఆరు గంటలకు విజయనగరంలో దిగాం. మరిది ఇంట్లో స్నానాలు చేసి, ఎనిమిదింటి బండికి యూనివర్సిటీ ఉన్న ఊరెళ్ళాం. అక్కడ స్టేషన్ బయట బస్సు దొరుకుతుంది. గేటు దగ్గర దిగినా ఆఫీసు చాలా దూరం, గొడుగు పట్టుకెళ్ళండి.

పదీ ఇరవైకి అప్లికేషన్లు తీసుకునే మూడో కిటికీ దగ్గరికి చేరాం. లోపలున్నాయన కస్తూరి కాగితం చూసి మొహం ఎత్తకుండానే అడిగాడు.

"మీరు ఆంధ్రావాళ్ళా, మధ్యప్రదేశ్‌వాళ్ళా?"

"మాది శ్రీకాకుళం బాబూ. ప్లాంటు పనికని భిలాయి ఎల్లేం."

"అయితే హిందీలో ఎందుకు చదివించేరు?"

అక్కడ బళ్ళో ఏది చెబితే అదే చదివింది అన్నాను. అక్కడి చదువు ఇక్కడి చదువుతో సమానమని ఆఫీసరు సంతకం కావాలి, అయిదో కిటికీకి పొమ్మన్నాడు. పదకొండింటికి అయిదో కిటికీ ఆయన ఇది మూడో కిటికీ పనన్నాడు. తిరిగి వస్తే, పన్నెండింటికి మొదటాయన భోజనానికి లేచి, సోమవారం రండి అన్నాడు. అప్లికేషన్లకు శనివారమే ఆఖరని ఆ గోడమీదే రాసి ఉంది. కస్తూరి చదివి చెప్పింది. అప్పటికే కిటికీ మూసేశాడు.

వచ్చేటప్పుడు బండిలో పిల్ల, "అమ్మా, ఇక్కడ నేను చచ్చినా ఎవరికీ పతా ఉండదు" అంది. నాకు ఒళ్ళు మండింది. చిన్న కాలేజీయే నయం అనుకున్నాను.

శుక్రవారం తొమ్మిదింటికి మరిది మమ్మల్ని రిక్షాలో ఆ కాలేజీకి తీసుకెళ్ళాడు. పెంకుల షెడ్లు రెండు, ముందు మందారమొక్కలు. కాలేజీ కమిటీ ప్రెసిడెంటుగారు గుమ్మంలోకి ఎదురొచ్చారు.

"మన కస్తూరి ఈ పిల్లేనా? రండమ్మా, ఇది మీ ఇల్లే అనుకోండి."

కుర్చీలు వేయించారు, కొబ్బరిబొండాలు కొట్టించి గ్లాసుల్లో పోయించారు. కిందటి రోజు ఎండలో నిలబడ్డ మనిషిని కదా, నా మనసు కరిగిపోయింది. ఆయన చెయ్యి చాపగానే పిల్ల మార్కుల కాగితం, టీసీ ఇచ్చేశాను. ఆఫీసు బల్ల సొరుగులో పెట్టుకున్నారు. ఆ తర్వాత లాబొరేటరీ చూపిస్తానని తీసుకెళ్ళారు.

సీసాలన్నీ బొమ్మల కొలువులా పేర్చి ఉన్నాయి. వాటిమీది ఇంగ్లీషు పేర్లు చదవడం నాకు రాదు. కాని రోజూ వండే వంటిల్లు ఎలా ఉంటుందో తెలుసు. బల్లమీద ఒక్క మరక లేదు, మసి లేదు, సీసాల మూతలకి లక్క కూడా తియ్యలేదు. చేతిలోనే ఉన్న గ్లాసులో తాగగా మిగిలిన నీళ్ళు అక్కడున్న సింకులో పోశాను. ఆ నీళ్ళు తిన్నగా పోయి ప్రెసిడెంటుగారి పాదాలమీద పడ్డాయి. సింకు కింద గొట్టమే లేదు.

"గొట్టం వస్తాదమ్మా," అన్నారాయన కాలు వెనక్కి తీసుకుంటూ. "వచ్చేవారం పర్మిషను తనిఖీ ఉంది. అదయిపోతే ఒక్కోటీ అమర్చుకుంటాం. ముందు సైన్సుకి పిల్లలు కనపడాల గదా."

"పాఠం చెప్పేవోళ్ళు?"

"వాళ్ళూ వస్తారు."

నేను మరిది మొహంలోకి చూశాను.

"నీకిది ముందే తెలుసేటి సత్యం?"

"కాలేజీ నిలబడితే నాకు ఇక్కడ ఉద్యోగం ఇస్తానన్నారొదినా. కస్తూరికి పోయేదేటి? ఓ ఏడాది నా ఇంట్లోనే తింటాది."

"తిని, ఏడాదంతా ఈ సీసాలు చూస్తా కూకుంటాదా? మీ అన్నయ్యకి ఏటి సెప్పమంటావు?"

సొంత అన్న కూతుర్ని తనిఖీవాళ్ళకి చూపించే తలకాయల్లో ఒకటిగా లెక్కేశాడు. కాగితాలు తిరిగిమ్మని ప్రెసిడెంటుగారిని అడిగాను. "తొందరేటమ్మా, సోమవారం ఆలోచించుకుందాం," అని నవ్వారు. శనివారంతో యూనివర్సిటీ గడువు పోతుందని ఆయనకి తెలుసు. మరిదే చెప్పి ఉంటాడు. నేను నోరు తెరిచేలోపల, అప్పటిదాకా పలకని కస్తూరి గబగబా ఆఫీసు గదిలోకి నడిచింది. సొరుగు లాగింది, కాగితాలు తీసుకుంది.

"ఇవి నా పేరుమీద ఉన్నాయి సార్," అంది.

ఆయన మొహంలో ఆ నవ్వు అప్పుడు పోయింది. ఆ సాయంత్రమే మరిది ఇంట్లోంచి పెట్టె తెచ్చుకుని స్టేషన్ దగ్గర సత్రంలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, నీళ్ళు మాత్రం తోడుకోవాలి.

శనివారం పదింటికి మళ్ళీ మూడో కిటికీ. ఆయన మమ్మల్ని గుర్తుపట్టలేదు. "సోమవారం రండి," అన్నాడు. ఇంక నేను మొదలుపెట్టాను. గురువారం పదీ ఇరవైకి ఆయనేమన్నాడు, పదకొండింటికి అయిదో కిటికీ ఏమంది, పన్నెండింటికి ఆయన ఏ మాట అంటూ కిటికీ మూశాడు, అన్నీ వరసగా చెప్పాను. అయిపోగానే మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను. వెనక లైన్లో ఒకాయన, "పిన్నిగారు ఎక్కం అప్పజెప్తన్నారు," అన్నాడు. అందరూ నవ్వారు.

"అరవకండమ్మా," అన్నాడు కిటికీలో ఆయన.

"అరవనేదు బాబూ. మీరు మర్సిపోనారేమోనని సెప్పేను. కావాలంటే మూడోసారీ సెప్తాను."

లేచి, కాగితం తనే పట్టుకుని లోపలి గదిలోకెళ్ళాడు. అద్దాల తలుపులోంచి చూస్తూనే ఉన్నాను. ఆఫీసరు చదవనైనా చదవలేదు, సంతకం పెట్టాడు. అరనిమిషం కూడా పట్టలేదు. ఆ అరనిమిషం కోసమా నా పిల్ల గురువారమంతా ఎండలో నిలబడింది? ఆ అరనిమిషం బద్ధకమే కదా మమ్మల్ని ఆ సొరుగు దాకా తోలింది.

రసీదు మూడింటికన్నారు. కాంటీన్లో ఇడ్లీ తిని కెమిస్ట్రీ బిల్డింగు చూడ్డానికెళ్ళాం. గుమ్మంలోనే కోడిగుడ్డు కుళ్ళిన కంపు. బల్లలు నల్లగా మాడి ఉన్నాయి. ఖాకీ చొక్కానిండా చిల్లులు పడ్డ అటెండరొకడు, "ఏటీ ముట్టుకోకండి, సేతులు కాల్తాయి," అని కసిరి బయటికి తోలాడు. వాడి కసురు కూడా నచ్చింది నాకు. కస్తూరి మాత్రం గుమ్మం కదల్లేదు. ఆ కంపు పీలుస్తూ నిలబడింది. "అమ్మా, యహీ, ఇదే," అంది.

మూడుంబావుకి రసీదు చేతికొచ్చింది. హాస్టల్లో మంచం కూడా రాశారు.

ఆదివారం తిరుగు బండిలో సెక్టర్ 4 వాసి ఒకాయన మా ఎదురుగా కూర్చున్నాడు. రోలింగ్ మిల్లులో పని. వాళ్ళబ్బాయికీ ఆ చిన్న కాలేజీ నుంచి ఉత్తరం వచ్చిందట, చాలా మర్యాదగా రాశారట. పార్వతీపురం నుంచి రాయగడ దాకా నేను జరిగిందంతా చెప్పాను.

"అయితే పెద్దదే మంచిదంటారా అక్కా?"

"మంచిదని నేనన్లేదు తమ్ముడూ. అక్కడ మనిషికి ఇలవ లేదు. చదువుంది. ఆడికే తీసుకెళ్ళు. ఒక రోజు ఎక్కువ సెలవు పెట్టుకో, ఎవడేటన్నాడో గుర్తెట్టుకో. నీకు కోపమొస్తే అణుసుకోకు."

ఆయన, "నాకంత కోపం రాదక్కా," అన్నాడు.

"అలాగైతే," అన్నాను, "మీ ఆవిణ్ణి పంపించు."