గెంజో గారి తుంటి రాడ్డు

మా కొండ ఊళ్లో చెత్త ముప్ఫై నాలుగు రకాలు. మనుషుల్లో అన్ని రకాలు లేరు. గురువారం పొద్దున ఎనిమిదింటిలోపు, లోపలున్నది బయటికి కనబడే సంచి మీద పేరు రాసి వీధి చివర పెట్టాలి. తప్పు దొరికితే, ఆ వారం వంతు వచ్చినవాళ్లు దానికి ఎర్ర కాగితం అతికిస్తారు. ఇక ఆ పేరు సాయంత్రం దాకా బజారున పడినట్టే.

పక్కింటి పిన్నిగారి పేరు హగివారా తోమే. ఆమెకు ఇరవై రెండేళ్లలో ఒక్క ఎర్ర కాగితమూ పడలేదు. పులియబెట్టిన నత్తో గింజల ప్లాస్టిక్ డబ్బాలను జిగురు పోయేదాకా మూడేసి సార్లు వేడినీళ్లతో కడిగేది. కాచిన నీళ్లన్నీ డబ్బాలకే సరిపోయేవి. గ్యాస్ దండగ అని భర్త గెంజో గారికి మాత్రం చన్నీళ్ల స్నానమే.

ఆయన పోయారు. దహనం అయ్యాక మా ఆచారం ప్రకారం పుల్లలతో ఎముకలు ఏరుతుంటే బూడిదలో, ఆయన తుంటి విరిగినప్పుడు వేసిన రాడ్డు తేలింది. పిన్నిగారి ఏడుపు టక్కున ఆగింది.

"ఇది చిన్న లోహమా, పెద్ద లోహమా?"

అక్కడి ఉద్యోగి చెయ్యి చాపాడు. "అవి మేం చూసుకుంటామమ్మా."

"మీరు ఎందులో కలిపేస్తారో నాకేం తెలుసు" అని దాన్ని చేతిరుమాల్లో చుట్టి తెచ్చి, తోమి, ఇరవై ఏడో రకం, అంటే లోహాల సంచిలో పెట్టింది.

ఆ తర్వాత వచ్చిన వసంతంలో వీధి సంఘం వాళ్లు మమ్మల్ని చెత్త కాల్చే కేంద్రం చూపించడానికి తీసుకెళ్లారు. పిన్నిగారు పండగ కిమోనో కట్టుకుని వచ్చింది. అద్దంలోంచి చూస్తే, పెద్ద ఇనుప పంజా మా ప్లాస్టిక్ సంచులను ఎత్తి కొలిమిలో వేస్తోంది.

"బాబూ, అది నాది. పేరు కనిపిస్తోంది."

అక్కడి ఇంజనీరు మురిసిపోయాడు. "వంటింటి చెత్త తడిగా ఉంటుంది కదమ్మా, దానంతటది అంటుకోదు. ఇవి పడితేనే మండుతుంది. మీవి శుభ్రంగా కడిగినవి, భలే మండుతాయి."

"తగలబెట్టడానికా నేను కడిగింది?"

"ఆ వేడితో పక్కన ఈతకొలను నీళ్లు కాగుతాయి. దాన్నీ రీసైక్లింగ్ కిందే రాస్తాం."

"మా ఆయన ఇరవై రెండేళ్లు చన్నీళ్లు పోసుకున్నాడు నాయనా" అంది పిన్నిగారు.

నాకు నవ్వొచ్చింది. ఆమె పెదవులు వణకడం చూసి సిగ్గేసింది.

ఆమె ఒక్కటే అడిగింది. "మరి లోహాలో?"

"అవి నిజంగానే కరిగిస్తారమ్మా. మళ్లీ వస్తువులవుతాయి. మూకుడో, రోడ్డు పక్క రెయిలింగో, ఏదో ఒకటి. అందులో అబద్ధం లేదు."

తర్వాతి గురువారం వంతు నాదే. పిన్నిగారు ఒకే సంచిలో నత్తో డబ్బాలు, సాస్ సీసాలు, చేప ముళ్లు అన్నీ జిగురుతో సహా కుక్కి తెచ్చింది. పేరు మాత్రం ఎప్పటికన్నా పెద్దగా రాసింది. రెండో చేతిలో లోహాల సంచి తళతళలాడుతోంది.

"అతికించు అమ్మాయ్, మొహమాటం దేనికి" అంది.

నా చెయ్యి రాలేదు. అయినా అతికించాను. ఆమె దాన్ని ఓసారి చదువుకుని బస్టాపు వైపు నడిచింది. నేనూ వెనకే వెళ్లాను.

అక్కడ రోడ్డు పక్క కొత్త రెయిలింగ్ వేశారు. అందులో ఒక కడ్డీ కాస్త ఎడమకు ఒరిగి ఉంది. తుంటి విరిగాక గెంజో గారు కూడా అలాగే ఎడమకు ఒరిగి నడిచేవారు. పిన్నిగారు ఆ ఒక్క కడ్డీనే పట్టుకుని చూసింది.

"ఎంత చల్లగా ఉన్నారో" అంది.

ఇంటికెళ్లి కెటిల్ నిండా వేడినీళ్లు తెచ్చి, ఆ కడ్డీ మీద పైనుంచి కింద దాకా నెమ్మదిగా పోసింది.